కాశీకి రివర్సు గేరులో

మా అవ్వ కాశీ ప్రయాణం నా చేతుల మీదుగా చెడిపోబోయిన సంగతి మా బంధువుల్లో తెలియనివాళ్లు లేరు. ఏ పెళ్లికి పోయినా విస్తళ్లు వేసేలోపు ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. చెప్పేవాళ్లు మారే కొద్దీ అందులో ఉప్పూ కారం పెరిగిపోతున్నాయి. మొన్నొకాయన కారు తగలబడిందని కూడా చెప్పాడు. అంత జరగలేదు. అంతకంటే సిగ్గుమాలిన పని జరిగింది. నా పరువు ఎలాగూ పోయింది కాబట్టి, పోయింది పోయినట్టుగా నేనే చెప్పేస్తాను.

అప్పుడు నేను హిందూపురంలో కరెంటు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అంటే స్తంభాలెక్కే పని కాదు, బిల్లుల సెక్షన్లో కుర్చీలో కూర్చునే పని. కానీ వీధిలో అందరూ నన్ను 'కరెంటాయన' అనేవాళ్లు. ఎవరింట్లో బల్బు మాడిపోయినా నన్ను పిలిచేవాళ్లు. నేను పోయి, తలెత్తి బల్బు వంక కాసేపు చూసి, "మాడిపోయినట్లుంది" అని చెప్పి కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి నాకు కరెంటు పని వచ్చునని నేనే నమ్మేశాను.

మా ఇంట్లో ఒక పాత కారు ఉండేది. బెంగళూరులో ఎవరో వాడి వాడి విసుగెత్తి అమ్మేస్తే ముచ్చటపడి కొన్నాను. దాన్ని ఇంటికి తెచ్చిన రోజే అవ్వ (మా నాయనకు తల్లి, నన్ను పెంచింది ఆమే) పసుపు కుంకుమ పళ్లెంతో ఎదురొచ్చింది.

"ఆ మూత ఎత్తురా" అంది బానెట్టు చూపించి.

"పైన బొట్టు పెడితే చాలదా అవ్వా?"

"పరిగెత్తేది లోపలుండేది కదరా. దానికి పెట్టకుండా రేకుకు పెడితే ఏం లాభం?"

అలా ఇంజనుకు, బ్యాటరీకి, కనిపించిన ప్రతి వైరుకూ కుంకుమ పెట్టి, పైన ఇన్ని నీళ్లు కూడా చల్లింది. ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ అదే వరస. కొన్నాళ్లకు బానెట్టు కింద నలుపు, నీలం, పచ్చ అనే రంగులే లేకుండా పోయాయి. అంతా ఎరుపే.

ఇక అవ్వ కాశీ సంగతి. తాత బతికున్నన్ని రోజులూ "వచ్చే ఏడు కాశీకి పోదాము" అంటూనే ఉన్నాడు. ఏదో ఒక పని అడ్డం వచ్చేది. అలా అంటూ అంటూనే ఆయన వెళ్లిపోయాడు. అవ్వ ఎవర్నీ ఏమీ అడగలేదు గానీ, టీవీలో గంగ కనిపిస్తే మాత్రం చేతిలో పని ఆపేసేది. చివరికి మా వీధి ముసలమ్మలంతా కలిసి కాశీకి టికెట్లు తీసుకున్నారు. రైలు ధర్మవరంలో ఎక్కాలి. తక్కినవాళ్లు ముందురోజే ధర్మవరంలో ఎవరో చుట్టాలింటికి పోయారు. అవ్వ మాత్రం పొద్దున్నే బస్సులో పోతానంది. ఆ రైలు తప్పితే గుంపు వెళ్లిపోతుంది, మళ్లీ ఆ వయసులో ఎవరితో పోతుంది?

"బస్సేంటి అవ్వా, నేను కార్లో దించుతా" అన్నాను.

నా భార్య భారతి అడ్డుపడింది. "మొన్న మార్కెట్టు దగ్గర పొగ వచ్చిందే, ఆ కార్లోనా?"

నిజమే. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను వేడి సూది పైకి ఎగబాకేది. కారణం కూడా నేనే కనిపెట్టాను. రేడియేటర్ వెనక ఉండే ఎలక్ట్రిక్ ఫ్యాను తిరగడం లేదు. ఫోన్లో వీడియోలు చూసి ఫ్యూజు తీసి చూశాను, బాగుంది. రిలే మార్చాను, లాభం లేదు. ఫ్యాను వైర్లు తెచ్చి నేరుగా బ్యాటరీకి ఆనిస్తే గిర్రున తిరిగింది. అంటే మోటారు మంచిదే, దానికి వేడి సంగతి చెప్పే సెన్సారు చచ్చిపోయింది. ఇంతవరకు నేను చేసింది మెకానిక్కులు కూడా మెచ్చుకునే పని. అక్కడితో ఆగి సెన్సారు మార్పించి ఉంటే ఈ కథే లేదు.

నేను ఆగలేదు. ఫ్యానుకు విడిగా వైర్లు లాగి, డ్యాష్‌బోర్డు మీద ఇంట్లో గోడకు పెట్టే తెల్ల స్విచ్చి బిగించాను. ఫ్యాను దగ్గర రెండు వైర్లూ కుంకుమతో ఒకటే ఎరుపు. ఏది దేనికి కలపాలో తెలియలేదు. రెండూ ఎర్రగానే ఉన్నాయి కాబట్టి ఎటు కలిపినా ఒకటేనని తీర్పిచ్చుకున్నాను. మళ్లీ ఊడిపోకుండా టేపు చుట్టి, దాని మీద సిమెంటు లాగా గట్టిపడే ముద్ద పూసేశాను. స్విచ్చి నొక్కితే ఫ్యాను మోత వీధి చివరికి వినిపించింది.

"చూసినావా!" అన్నాను.

"తిరుగుతాంది సరే, ఏ పక్కకి తిరుగుతాందో చూసినారా?" అంది భారతి.

"ఫ్యానుకు పక్కలేముంటాయే? తిరిగితే గాలి వస్తాది. నువ్వు పోయి అవ్వకు పులిహోర కట్టు."

చదివేవాళ్లు ఇక్కడ భారతి వైపు ఉన్నారని నాకు తెలుసు. మా ఇంట్లో కూడా అందరూ అటే.

పొద్దున్నే బయల్దేరాము. అవ్వ కొత్త చీర కట్టుకుని, ముందు సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు కంటే చాలా ముందే బయల్దేరామని నేను గొప్పగా చెప్పాను.

"రఘూ, ఆ సద్దేందిరా? చెవులు గింగురుమంటాండాయి. ఆ స్విచ్చి ఆపురా."

"ఆపకూడదవ్వా. మన ప్రాణాలు దాని మీదే ఉండాయి."

పెనుకొండ దాకా పోయేసరికి సూది ఎర్రగీత తాకింది. నాకు నమ్మకం కలగలేదు. ఫ్యాను తిరుగుతోంది, ఎండ ఇంకా ముదరలేదు, సూది మాత్రం కొండెక్కుతోంది. పక్కన ఆపి, చల్లారేదాకా ఆగి, నీళ్లు పోసి మళ్లీ కదిలాము. వేగంగా పోతే గాలి బాగా తగులుతుందని వేగం పెంచాను. సూది ఇంకా తొందరగా లేచింది.

"ఏమిరా, ఇట్ల ఆపుకుంటా పోతే రైలు అందుతాదా?"

"అందుతాది అవ్వా. నన్ను నమ్ము."

"నమ్మబట్టే కదా ఈడ కూసున్నా."

చెన్నేకొత్తపల్లి దాటి ధర్మవరం దావ పట్టాక కారు ఆవిరి కక్కింది. బానెట్టు ఎత్తి, ఇంజను ఆపి, ఫ్యాను మాత్రం తిరగనిచ్చి నిలబడ్డాను. అవ్వ దిగి కారు ముందు రాయి మీద కూర్చుని, వెంటనే లేచింది.

"అబ్బబ్బ! పొయ్యి ముందర కూసున్నట్లుండాది. ఒరే, నీ కారు ఊదుతాంది రా!"

చూస్తే నిజమే. ఆమె కొంగు కారు వైపు కాకుండా రోడ్డు వైపు ఎగురుతోంది. ముందునుంచి గాలిని లోపలికి లాగవలసిన ఫ్యాను, ఇంజను వేడిని తీసుకెళ్లి రేడియేటర్ మీదుగా బయటికి ఊదుతోంది. వైర్లు తారుమారు చేసి నేను దాన్ని తలకిందుల పనికి పెట్టాను. కారు ముందుకు పోతుంటే ఎదురుగాలి లోపలికి తోస్తుంది, నా ఫ్యాను దాన్ని బయటికి తోస్తుంది. రెండూ కొట్లాడుకుంటుంటే మధ్యలో రేడియేటర్ ఉడికిపోయింది.

వైర్లు మార్చేద్దామంటే నేను పూసిన ముద్ద రాయిలా బిగిసిపోయి ఉంది. గోటితో గీకాను, తాళంచెవితో పొడిచాను. నా జీవితంలో అంత గట్టిగా చేసిన పని ఇంకొకటి లేదు. అవ్వ ధర్మవరం దావ వంక చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తిట్ల కంటే ఎక్కువ తగిలింది. తాత చేసినట్టే నేనూ చేస్తున్నానని భయమేసింది.

ఆ భయంలో ఒక ఆలోచన వచ్చింది. ఫ్యాను గాలిని ముందుకు ఊదుతోంది. అయితే కారు వెనక్కి పోతే? అప్పుడు ఫ్యాను, గాలి రెండూ ఒకే వైపు పనిచేస్తాయి!

"అవ్వా, ఎక్కు."

"బాగైందా?"

"బాగైనట్లే. కొంచెం తిరిగి కూసోవాల్సి వస్తాది."

హైవే మీద ఆ పని చేసేంత మతి చెడలేదు గానీ, చిన్న రోడ్డు ఖాళీగా ఉంది. కారు తిప్పి, వీపు ధర్మవరం వైపు పెట్టి, రివర్సు గేరు వేసి, మెడ వెనక్కి తిప్పి తోలాను. నమ్మండి, సూది దిగింది! నేను కేక వేశాను. అవ్వ వేయలేదు.

"అందరూ కాశీకి మొగం పెట్టి పోతారు. మనం వీపు పెట్టి పోతాండామేమిరా" అంది.

మెడ పట్టేసింది. కారు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతోంది. ఇంతలో ధర్మవరం వైపునుంచి గొర్ల మంద వచ్చి రోడ్డు నిండా పరుచుకుంది. ఆపక తప్పలేదు. గొర్లు కాసే ఆయన వచ్చి కిటికీలోకి వంగాడు.

"ఏమప్పా, ఊరొదిలి పోతాండావా, ఊర్లోకి వస్తాండావా?"

"ధర్మవరం పోతాండామన్నా."

ఆయన కారు మొహం చూశాడు, అది పెనుకొండ వైపు ఉంది. నా మొహం చూశాడు, అది ధర్మవరం వైపు ఉంది. "కారుకు చెప్పినావా?" అన్నాడు.

అప్పుడే అవ్వ అరిచింది. "ఒరే, బస్సు! మన బస్సు వస్తాంది!"

హిందూపురం బస్సు మాకు ఎదురుగా, ముక్కు మీద ముక్కు పెట్టినట్టు వచ్చి ఆగింది. పొద్దున అవ్వ ఎక్కుతానన్న బస్సే. తన దావలో ఎదురొచ్చానని డ్రైవరు హారను మోగించి మోగించి అలసిపోయాడు. కండక్టరు దిగి వచ్చాడు.

"ఏమబ్బా, మొగం ఇట్ల పెట్టుకుని అట్ల పోతాండావే! యాడికి?"

"కాశీకి" అంది అవ్వ, అప్పటికే సంచితో దిగిపోతూ.

కండక్టరు నన్ను ఇంకోసారి చూసి, అవ్వ చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. కిటికీలోనుంచి ఆమె "పులిహోర కార్లో ఉండాది, తినురా" అని చెప్పింది. బస్సు గొర్ల పక్కనుంచి మెల్లగా ధర్మవరం వైపు, ముందుకు, వెళ్లిపోయింది.

నేను కార్లో కూర్చున్నాను. ఫ్యాను మోత తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆ మోత మీద ఒళ్లు మండిపోయి స్విచ్చి టక్కున ఆపేశాను. ఆపిన వేలు అక్కడే ఉండిపోయింది. ఫ్యాను లేకపోతే ఎదురుగాలిని తోసేవాళ్లే లేరు కదా! ఖాళీ రోడ్డు మీద పోయే కారుకు ఆ గాలి చాలు కదా! కారు తిప్పి మామూలుగా, మనుషులు తోలినట్టు తోలాను. సూది మధ్యలో కదలకుండా కూర్చుంది. నా రిపేరు పనిచేయడం మానేసిన క్షణం నుంచి కారు బాగుపడింది.

ధర్మవరం స్టేషన్లో పరిగెత్తుకుంటూ పోయేసరికి రైలు కూత వేసింది. కిటికీ దగ్గర అవ్వ, చుట్టూ మా వీధి ముసలమ్మలు. పులిహోర పొట్లం అందించాను. ఆమె కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"ఎట్ల వచ్చినావురా ఇంత బిరీన?"

"స్విచ్చి ఆపేసినా అవ్వా."

"నేను పొద్దున్నించి చెప్తాండేది అదే కదరా!"

రైలు కదిలింది. పెట్టె మొత్తం నవ్వుతూ కాశీకి పోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నా, ఆ కిటికీలో అవ్వ మొహం చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అవ్వ కాశీనుంచి తిరిగొచ్చాక ఇల్లంతా జనం. అందరి చేతా కాళ్లకు మొక్కించుకుని, అందరికీ గంగ నీళ్లు పోసింది. కాశీలో ఇష్టమైంది ఏదో ఒకటి వదిలి రావాలి కదా, ఎవరేం వదిలారని భారతి అడిగింది. ఒకామె వంకాయ వదిలిందట, ఇంకొకామె జామకాయ.

"నువ్వో అవ్వా?"

"నేనా? గంగలో మునకేసి, మా రఘు కారు ఎక్కేది వదిలినా" అంది.

ఇల్లు పగిలిపోయేలా నవ్వారు. నేను ఊరుకోలేక, "ఇష్టమైందే వదలాల కదవ్వా?" అన్నాను.

"ఇష్టం లేకుంటే ఆ పొద్దు బస్సొదిలి ఎక్కుతానా?" అని నా చెయ్యి లాక్కుని, అరచేతిలో గంగ నీళ్లు పోసింది. "ఇప్పుడు నువ్వు వదులు."

అందరి ముందూ లేచి నిలబడి, గొంతు సవరించుకుని ప్రమాణం చేశాను. బతికున్నంత కాలం ఏ బండి బానెట్టు కిందా చెయ్యి పెట్టను. ఏ వైరూ ఏ వైరుతో కలపను. ఏ స్విచ్చీ ఎక్కడా బిగించను.

"ఇంకొకటి" అంది అవ్వ. "ఎవురైనా రిపేరు చేస్తాంటే పక్కన నిలబడి ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యి అని చెప్పేది."

"అదీనా అవ్వా?"

అవ్వ నీళ్లు కారిపోకుండా నా గుప్పిట మూసి గట్టిగా పట్టుకుంది. అదీ వదిలేశాను.