లారీలకు ఎదురుగా

ఆ అక్క చెయ్యెత్తినప్పుడల్లా నేను కళ్లు మూసుకునేదాన్ని. ప్రొద్దుటూరులో మా వీధిలో జాకెట్లు కుట్టేది. కాళ్లు లేవవు. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీదే తిరిగేది. రోడ్డు మీద ఏ బండి అడ్డమొచ్చినా కుడిచెయ్యి పైకెత్తి, "నిలబడప్పా, నేనూ పోవాల!" అని అరిచేది.

జమ్మలమడుగు రోడ్డును వెడల్పు చేసి నడుమ డివైడరు కట్టాక, అవతలి బట్టల అంగడికి ఆమెకు దారి మూసుకుపోయింది. డివైడరులో దాటే సందు దూరాన ఉంది. అక్కడిదాకా లారీలకు ఎదురుగా పోవాలి. తోడు నడిస్తే నేను బండి అంచు వదిలేదాన్ని కాదు.

ఒకరోజు రోడ్డు చూడటానికి ఇంజనీరు వచ్చాడు. అక్క ఆయన్ను పిలిచింది. "సారూ, ఆ సందుదాకా నా బండి తొయ్యండి, సాలు."

ఆయన నవ్వుతూ తోశాడు. నేను పక్కన నడిచాను. సగం దూరంలో ఒక ఇసుక లారీ బస్సును దాటుకుంటూ మా మీదికే వచ్చింది. అక్క చెయ్యెత్తి అరిచింది. బ్రేకులు కీచుమన్నాయి. ఇంజను వేడి నా ముఖానికి కొట్టింది.

ఇంజనీరు రోడ్డు పక్కన కూలబడ్డాడు. "నీకు భయం లేదా అమ్మా?"

"ల్యాకేం సారూ? దినామూ సస్తాండా. మీకూ తెలియాలనే పిలిస్తి."

కొన్నాళ్లకు మా వీధికి ఎదురుగా డివైడరు తీసి, బండి పోయేలా వాలుగా దారి చేశారు, వేగం తగ్గేలా గట్లు వేశారు. మొదటిసారి అవతలికి చేరగానే అక్క బండి ఆపి భోరున ఏడ్చింది. నేను కంగారుపడి పట్టుకున్నాను.

"ఏడిస్తే మళ్లీ రోడ్డెక్కలేనని ఇన్నాళ్లూ ఏడవలేదు పాపా," అంది.