ఇంకా శనివారమే

ముందే చెబుతున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం అంతకన్నా లేదు. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని, కరెస్పాండెంట్‌తో గొడవపడి మానేసినదాన్ని. ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, "ఎక్కడ? ఎన్నింటికి? ఎవరు చూశారు?" అని అడిగి వాళ్ల పరువు తీసేదాన్ని. అలాంటి నేను చెబుతున్నాను... ఇది జరిగింది. నా ఇంట్లో, నా ముందుగదిలో, నా గొంతుతోనే జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ముందు నా పనేమిటో తెలియాలి. ఉద్యోగం మానేశాక నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల కోసం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాశాను. తోటలో పురుగుమందు ఎప్పుడు కొడతారో ఒక నంబరుకు ఫోన్ చేసి నోటితో చెబితే చాలు. అది ఆ మాటను అక్షరాలుగా మార్చుకుంటుంది. అందులోంచి రోజునూ, టైమునూ పట్టుకుంటుంది. ఆ తోటలో పనిచేసే కూలీలందరికీ "ఫలానా టైము నుంచి ఒక రోజంతా తోటలోకి వెళ్లొద్దు" అని మెసేజ్ పంపుతుంది. గడువు తీరగానే "ఇక వెళ్లొచ్చు" అని ఇంకొకటి పంపుతుంది.

వినడానికి ఇంతే. కానీ మన జనం టైము చెప్పే తీరుకు ఏ మెషీన్‌కైనా మతిపోతుంది. "రేపు కాఫీల వేళకి." "ఎల్లుండి చీకటితో." "ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం." ఒకాయన "కరెంటొచ్చాక" అన్నాడు. కరెంటు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్లకే తెలియదు, నా ప్రోగ్రాముకేం తెలుస్తుంది? ఒక్కో మాటకూ ఒక్కో రూలు రాస్తూ ఏడాది గడిపాను. అర్థం కాని మాట వస్తే అవతలివాళ్లకు చెప్పడానికి నా గొంతే రికార్డు చేసి పెట్టాను.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

మా ఆయన విని, "ఇరవై ఏళ్లుగా నాతో అనేదీ ఇదే, ఇదే గొంతు" అన్నారు. ఆ గొంతు నాకూ వినిపించేలా కంప్యూటరుకు స్పీకర్ పెట్టుకున్నాను. ఏ మాట దగ్గర తడబడుతోందో తెలిస్తే మర్నాడు సరిచేయవచ్చు కదా.

కౌలుకు తోట చేసే వీర్రాజు ఒకరోజు తన షెడ్డు దగ్గరికి కూలీలందరినీ పిలిచి, ఈ పద్ధతి వివరించమన్నాడు. వాళ్లలో సూరమ్మే పెద్దది. కోడలు నాగమణి, మనవడి పెళ్లాం లావణ్య... ముగ్గురూ ఆ తోటలోనే పని. నేను చెప్పిందంతా విని సూరమ్మ ఒకే ఒక ప్రశ్న వేసింది.

"రోజు ఎప్పుడు మారుద్దండీ మీ మిషన్లో?"

"రాత్రి పన్నెండింటికి."

"పొద్దు పొడవకుండా రోజెలా మారుద్దండీ? అర్ధరాత్రి మారుతుంటే ఎవరు చూశారు?"

"గడియారం చూసింది."

"దానికి నిద్దర లేదు కాబట్టి మారిందనుకుంటది. మనిషి పడుకుని లేత్తేనే కదండీ రేపు!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "కంప్యూటరుకు నీ పొద్దుతో పనిలేదు సూరమ్మా" అన్నాను.

"కంప్యూటరుకి లేదేమో. తోటకుంది అమ్మాయిగారూ."

నన్ను అమ్మాయిగారూ అనేది ఆవిడొక్కతే. తల నెరుస్తున్నా ఆవిడకు నేను అమ్మాయినే.

తోటకుంది అన్నదీ నిజమే. అక్కడ ఒక కట్టడి ఉంది. రాత్రి గాలికి రాలిన పిందెలు, పొద్దు పొడిచేలోపు ఏరుకున్న కూలీలవి. పొద్దు పొడిచాక రాలినవి తోట చేసేవాడివి. అందుకే గాలి వీచిన రాత్రి ఆడవాళ్లు చీకట్లోనే బుట్టలు పట్టుకుని బయల్దేరతారు.

పిందెలు పడే రోజుల్లో సూరమ్మ పోయింది. చావు నమోదు కాగితం రాయించుకోవడానికి నాగమణి నా దగ్గరికే వచ్చింది. "మంగళారం రాత్రి మూడింటికండీ" అంది. నేను బుధవారం తేదీ వేశాను.

"కాదండీ, మంగళారమే. పొద్దు పొడవలేదుగా."

"పన్నెండు దాటితే బుధవారమే. రోజూ ఇదే వాదనా మీ ఇంట్లో?"

 నాగమణి కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. కాగితానికి సంబంధించినంతవరకు నేను రాసిందే సరి. ఇప్పటికీ అదే అంటాను. కానీ చావింట్లోంచి వచ్చిన మనిషితో ఆ గొంతుతో అనాల్సింది కాదు.

మూడు వారాలు గడిచాయి.

ఆ శనివారం మా ఆయన చింతలపూడిలో ఏదో పెళ్లికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. చీకటి పడగానే పెద్ద గాలి. మామిడాకులు వీధిలో దొర్లుకుంటూ పోయాయి. భోజనాల వేళకు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆకు కదల్లేదు. ఉక్కపోతలో ఎప్పుడో నిద్రపట్టింది.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

కళ్లు తెరిచాను. నా గొంతు. ముందుగదిలోంచి. పగలు వందసార్లు విన్నదే... చీకట్లో మాత్రం నేను వేరే గదిలో ఉండి, నన్నే పిలుస్తున్నట్టుంది.

గోడ గడియారం రెండు నలభై.

ఎవడో తాగి ఫోన్ చేశాడనుకున్నాను. పక్కకు తిరిగి పడుకున్నాను.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

తాగినవాడు రెండోసారి చెప్పడు. బూతు తిట్టి పెట్టేస్తాడు. ఇదెవరో... ఓపిగ్గా చెబుతున్నారు. లేచాను. లైటు వేయలేదు. ఎందుకు వేయలేదో తెలియదు. ముందుగదిలో స్క్రీన్ వెలుతురు నేలమీద నీలంగా పడి ఉంది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఇంకే చప్పుడూ లేదు.

స్క్రీన్ మీద ఒక వాక్యం.

పొద్దు పొడవలేదు.

నంబరు కనబడాల్సిన చోట ఖాళీ.

మామూలుగా వాక్యం మొత్తం ఒక్కసారే వచ్చి పడుతుంది. నేను చూస్తుండగా దాని కింద ఇంకొకటి మొదలైంది. ఒక్కొక్క అక్షరం... ఆగి... ఇంకో అక్షరం. చదువు రాని మనిషి కూడబలుక్కున్నట్టు.

ఇంకా... శనివారమే.

నా బుద్ధి చూడండి. అంత చీకట్లో, ఒంటరిగా, అప్పుడు కూడా వాదనకే దిగాను. పైకే అన్నాను: "కాదు. పన్నెండు దాటింది. ఆదివారం."

స్పీకర్ పలికింది.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

ఈసారి అది అవతలివాళ్లతో అన్నట్టు లేదు. నాతో అన్నట్టుంది.

 అక్షరాలు మళ్లీ మొదలయ్యాయి.

ఇంకా శనివారమే అమ్మాయిగారూ.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.  శనివారం... శనివారం... ఈ మధ్య శనివారం అని నాకు ఎవరు చెప్పారు?

వీర్రాజు! శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాడు. "శనారం రాత్రి రెండింటికి మా తోటలో మందు." తేనెమంచు పురుగు పట్టి తోటలన్నీ ఒకేసారి మందుకు ఎగబడుతున్నాయి. స్ప్రేయరు ట్రాక్టరు ఒక్కటే. రాత్రీ పగలూ వంతులు. అతని వంతు ఆ వేళకు వచ్చింది. నా ప్రోగ్రాము తడబడకుండా అర్థం చేసుకుంది. శనివారం, రెండు గంటలు, రాత్రి. కంప్యూటరుకు శనివారం రాత్రి రెండంటే శుక్రవారం పడుకుని లేవకముందు వచ్చే రెండు. ఒక రాత్రి ముందే "వెళ్లొద్దు" అని పంపేసింది. అందరూ శనివారమంతా తోటకు దూరంగా ఉన్నారు. ఒక రోజు గడువు తీరింది. సరిగ్గా ఈ రాత్రి రెండింటికి... వీర్రాజు నిజంగా మందు మొదలుపెట్టే వేళకు... "ఇక వెళ్లొచ్చు" అని పంపింది.

చూశాను. నలభై నిమిషాల కిందట పంపింది. అందరికీ.

రాత్రి గాలి. రాలిన పిందెలు. లావణ్యకు ఐదో నెల.

నాగమణికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వీర్రాజు ఎత్తలేదు. మోటారు పక్కనున్నవాడికి ఏం వినబడుతుంది? నైటీ మీద చున్నీ వేసుకుని స్కూటీ తీశాను. హనుమాన్ జంక్షన్ వైపు పోయే లారీ ఒకటి ఎదురొచ్చి హారన్ కొట్టింది. ఆ తర్వాత దారంతా నేనే. రెండువైపులా చెట్లు. తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఏం కనబడేదో... చూడలేదు, అంతే.

తోట ఇంకా దూరం ఉండగానే వాసన. నాలుక మీద చేదు. లోపల ఎక్కడో గుర్ర్‌ర్... మంటూ మోటారు. చెట్ల మధ్య ట్రాక్టరు లైటు, ఆ వెలుతురులో తెల్లగా పొగలా తేలుతున్న మందు. మెల్లగా ఇటువైపే వస్తోంది.

కంచె సందు దగ్గర లావణ్య. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"లావణ్యా! ఆగు! లోపలికి పోవద్దు!"

ఉలిక్కిపడింది. "కొంగు ముల్లుకి పట్టిందండీ, తీత్తన్నా... ఏంటి మేడమ్‌గారూ, ఈ టైంలో మీరు?"

"బయటికి రా ముందు! మందు కొడుతున్నారు, వాసన తెలియడం లేదూ?"

"నిన్న కొట్టిన వాసనేమో అనుకున్నామండీ. వెళ్లొచ్చని మీరే కదండీ మెసేజ్ పెట్టారు?"

ముల్లులోంచి కొంగు పీకి, ఆమెను బయటికి లాగాను. 

"మీ అత్త ఏదీ?"

"లోపలికెళ్లిందండీ. నన్ను వెనకాల రమ్మంది."

అరిచాను. ఇద్దరం అరిచాం. రెండు వరుసల అవతల నుంచి నాగమణి దగ్గుకుంటూ వచ్చింది. బుట్ట సగం నిండింది. తలగుడ్డ తడిసింది. చేతులు తడి.

"మంచు అనుకున్నానండీ" అంది.

షెడ్డు దగ్గరి బోరు కింద కూర్చోబెట్టి, దొరికిన సబ్బుముక్కతో కడిగాను. రెండుసార్లు వాంతి చేసుకుంది. వీర్రాజు మోటారు ఆపి, తల బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. అతని కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఒక రోజు ఉంచి పంపించారు. లావణ్యకు ఏమీ కాలేదు. ఇంకో నిమిషం ఆలస్యమైతే... ఆ ముల్లు లేకపోతే... ఆ లెక్క నేను ఇప్పటికీ పూర్తిచేయను.

తెల్లారాక ఇంటికొచ్చి ఆ ఫోన్ల చిట్టా తెరిచాను. నంబరు లేదు. రికార్డింగులో మాట లేదు. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు చప్పుడు మాత్రం ఉంది. లైనులో గరగర కావచ్చు. టైము దగ్గర ఇలా ఉంది: శనివారం 26:40.

ఇరవయ్యారు గంటలు. ఏ కంప్యూటరూ అలా రాయదు. అలా రాయమని నేను ఎక్కడా చెప్పలేదు. రూళ్లన్నీ మొదటినుంచి చివరిదాకా వెతికాను. లేదు.

మీరు అడగబోయేవన్నీ నన్ను నేనే అడిగాను. నిద్రమత్తులో నేనే టైపు చేశానా? సూరమ్మతో ఆనాడు పడ్డ వాదన లోపల ఎక్కడో తొలుస్తూ ఉండి, తప్పు నాకే తట్టి, అలా కనబడిందా? కావచ్చు. కానీ నాకే తట్టి ఉంటే శుక్రవారమే ఎందుకు తట్టలేదు? ఇక సూరమ్మ అంటారా... ఆవిడ బతికుండగా ఫోను ముట్టుకున్నది నేను చూడలేదు. జిల్లాలో అమ్మాయిగారూ అనే ముసలమ్మలు ఇంకెందరు ఉన్నారో. నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఆ వారమే రూలు మార్చాను. రాత్రి అని చెబితే, పొద్దు పొడిచేదాకా ముందటి రోజే. అంతటితో ఆగలేదు. ఇక అర్థమైందనుకుని మెసేజ్ పంపేయడానికి వీల్లేదు. తనకు అర్థమైంది పైకి చెప్పి, అవతలివాళ్లు ఔనన్నాకే పంపాలి. దానికి మళ్లీ నా గొంతే రికార్డు చేశాను. ఈసారి మెత్తగా. "శనివారం రాత్రి, తెల్లారితే ఆదివారం. అంతేనా అండీ?"

నాగమణిని చూడటానికి వెళ్లి, "మీ అత్త పోయింది మంగళవారమే" అన్నాను.

"మాకు తెలుసు కదండీ" అంది. కోపం లేదు. లావణ్య కాఫీ ఇచ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మొన్న శనివారం రాత్రి. మా ఆయన పక్కనే గురకపెడుతున్నారు. ముందుగదిలోంచి నా గొంతు. రోజు చెప్పలేదు. టైము చెప్పలేదు. చివరి ముక్క ఒక్కటే... మెత్తగా.

"...అంతేనా అండీ?"

గడియారం చూశాను. రెండు నలభై. వెళ్లి స్క్రీన్ చూశాను. ఒక వరుస కొత్తగా వచ్చి ఉంది. ఖాళీ. అందులో అక్షరం లేదు, నంబరు లేదు. వెంటనే నాగమణికి ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది.

"ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనండీ, అందరం ఉన్నాం. ఏమైందండీ?"

"ఏం లేదు. పడుకోండి."

మిగతా తోటల వాళ్లకూ ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. తిట్లు తిన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎక్కడా మందు లేదు. మరి ఎవరు ఏం చెప్పారు? నా గొంతు ఏం అర్థమైందని అలా అడిగింది?

కుర్చీ లాక్కుని ఆ ఖాళీ వరుస ముందు కూర్చున్నాను. దేనికో జవాబు వస్తుందని కాదు. ఇంకా శనివారమే కదా... పొద్దు పొడిచేదాకా కూర్చున్నాను.