వైఫై రేంజ్ నడిచి చూసే గంగరాజం బావ ఇగ లేడు

నిన్న పొద్దుగాల కోరుట్ల నుంచి మమత ఫోన్ చేసింది. గంగరాజం బావ బిడ్డ.

"మామా, బాపు పోయిండు."

నేను నమ్మలే.

ఊరందరికి ఉత్తుత్త ఫోన్లు చేసి ఉరికిచ్చేటోన్ని నేను. ఇయ్యాల బావనే బిడ్డతోని నాకు చేపిస్తుండు అనుకున్న.

"ఫోన్ మీ బాపుకియ్యి, యాక్టింగ్ మంచిగ లేదని చెప్త" అన్న.

అటు దిక్కు ఏడుపు ఆగలే.

చాయ్ తాగుకుంటనే పక్కకు ఒరిగిండట. గుండె. దవాఖాన దాక గూడ పోలే.

గీ పోస్టు ఫోన్‌ల కొడుతున్న. తప్పులుంటే మీరే సదిరి చదువుకోండ్రి.

తెలువనోళ్ల కోసం చెప్తున్న. నాకు వరుసకు బావ, పనిల జోడీ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఎవలింట్ల వైఫై సరిగ రాకున్నా మమ్ముల పిలిచేటోళ్లు.

బావ పని తీరే వేరు.

రెండు వైఫై డబ్బాలు తెచ్చేటోడు. ఒకటి పెట్టి చూసుడు, దాన్ని తీసి అదే జాగల ఇంకోటి పెట్టి చూసుడు. నన్ను డబ్బా పక్కన కూసోవెట్టి వీడియో కాల్ చేసేటోడు. తను ఫోన్ పట్టుకొని ఇల్లంత తిరుగుడు. ఫోన్‌ల నా మొఖం కదలకుంట యాడ ఆగితే ఆడ నేల మీద సుద్దగీత.

"స్పీడ్ నంబర్ చూసి ఏం చేసుకుంటరురా, మనిషి మొఖం కనవడాలె" అనేటోడు.

ఒకసారి రాయికల్ దిక్కు ఒక అక్క ఇంటికి పోయినం. ఆమె పెరట్ల కూసోని బీడీలు చేసుకుంట ఫోన్‌ల సీరియల్ చూస్తది. వైఫై డబ్బనేమో దేవుని గూట్లె పెట్టింది, బొట్టు గూడ పెట్టింది. ముంగట అంత స్టీలు బిందెలు.

"దేవుడు గూడ గీ బిందెల ఎనుక నుంచి కనవడడక్కా, సిగ్నల్ ఎట్ల కనవడుతది" అన్నడు బావ.

డబ్బను బయటికి తీసి కొత్తయి రెండు పెట్టి చూసినం. మొదటిది ఇంట్ల గుర్రం లెక్క ఉరికింది, రెండో గోడ కాడనే సచ్చింది. రెండోది నిదానం, గని పెరడు దాక పోయింది.

"సీరియల్‌కు ఉరుకుడు ఎందుకక్కా, ఆగకుంటే సాలు."

గంతే. రెండోదే ఫిక్స్.

గని దానికి ముందు నేను ఊకుంటనా. మొదటి డబ్బా పెట్టంగనే నోరు తెరిచి, రెప్ప కొట్టకుంట బొమ్మ లెక్క కూసున్న. బావ ఇంక గడప గూడ దాటలే.

"గిదేం డబ్బా, గీడికే ఆగింది" అని సుద్దగీత గీసిండు.

అక్క గూడ తిట్టవట్టింది. "కొత్తదానికి గప్పుడే ఏం రోగమొచ్చింది?"

బావ ఫోన్‌ను కండ్ల దగ్గర పెట్టుకొని సూసి సూసి మెల్లగ అన్నడు, "అరేయ్, నెట్ ఆగితే నీ ముక్కు మీద ఈగ ఎట్ల తిరుగుతుందిరా?"

ఆ అక్క నవ్వి నవ్వి బీడీల చాట ఒలకబోసుకున్నది.

నవ్వు ముచ్చట గిక్కడికి బంద్.

మొన్న ఆదివారం సిరిసిల్లల పని. కింద బట్ట నేసే సాంచెలు నడుస్తయ్, మీద ఇల్లు. నేను కింద డబ్బా పక్కన, బావ మెట్లు ఎక్కుతుండు. ఫోన్‌ల బావ మొఖం ఆగిపోయింది.

నా మీద బదులు తీర్చుకుంటుండు అనుకున్న.

"బావా, చాలు తియ్, నా అంత రాదు నీకు" అన్న.

కదుల్తలేడు.

అప్పుడు నుదురు మీదికెల్లి చెమట కారుడు కనవడ్డది. నెట్ మంచిగనే నడుస్తుంది. మనిషే ఆగిండు.

"రేంజ్ ఉన్నదిరా" అన్నడు. "నాకే దమ్ము వస్తలేదు."

ఉరికి పోయిన. మెట్ల మీద కూసున్నడు. ఎడమ రెక్క గుంజుతుందన్నడు. గ్యాస్ అన్నడు. సోడా తెప్పిచ్చుకొని తాగిండు.

"నాకు గూడ గిట్లనే గుంజుతది బావా, ఎండకాలం నుంచి" అన్న.

ఆ మాట నేను ఎవలకు చెప్పలే. బావకే చెప్పిన.

"ఇద్దరిది ఒకటే గ్యాస్ ఉన్నట్టున్నదిరా" అని నవ్విండు. "పనులు కొంచెం తగ్గినంక దవాఖానకు కలిసి పోదాం, ఒక్కటే ఆటోల."

లేచి మల్ల రెండో డబ్బా గూడ పెట్టి అదే మెట్లు ఎక్కి చూసిండు. వద్దంటే ఇనలే. రెండు చూడకుంట ఏది మంచిదని ఎట్ల చెప్తం అన్నడు.

నిన్న పాడె మోసిన. మోస్తుంటే నా ఎడమ రెక్క గుంజింది. బరువుకా, భయానికా, ఇంకోదానికా, నాకు సమజ్ కాలే. భుజం మార్చుకున్న. ఎవలకు చెప్పలే.

పొద్దటి నుంచి ఛాతి మీద చెయ్యి వెట్టుకొని కూసున్న. మా ఇంటామె సుజాత ఏమైందని అడిగితే బావ యాదికొస్తుండు అన్న. అబద్ధం కాదు. సగమే చెప్పిన.

నాకు బాగ భయమైతుంది.

సావంటే గూడ పరాచికాలాడినోన్ని. ఇయ్యాల మెట్లు చూస్తేనే భయమైతుంది. గట్టిగ ఊపిరి తీస్కుంటే భయం, తీస్కోకుంటే భయం. డాక్టర్ దగ్గరికి పోతే ఏమంటడో అని ఇంకింత భయం.

నోటితోని సుజాతకు చెప్పుడు నాతోని అయితలేదు. అందుకే గీడ రాస్తున్న. మా బిడ్డ గిది చదువుతది, చదివి వాళ్లమ్మ దగ్గరికి ఉరుకుతది. ఉరకనీ.

బిడ్డా, అమ్మకు చెప్పు. ఇప్పుడే తయారైతున్న, జగిత్యాల దవాఖానకు. పక్కన ఎవలన్న కూసోండ్రి. ఒక్కన్ని పోలేను.

గీ పోస్టు కింద దండం బొమ్మ పెట్టి పోయేటోళ్లారా, రెక్క గుంజితే మీరు గూడ సోడా తాగి ఊకోకుండ్రి.

బావా, మంచిగ పో. యాడున్నా నిమ్మళంగ ఉండు, నీ పాణం సల్లగుండాలె.

నీ పక్కన నాకు సీటు మాత్రం ఆపి పెట్టకు.