నా రికార్డులో ఒకే ఒక్క గెలుపు

మా ఇందిరా నగర్‌లో శనివారం వచ్చిందంటే గేటు తీయడం కుదరదు. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు అద్దె స్కూటర్లు తెచ్చి సరిగ్గా మా గేటుకే ఆనించి పోతారు. సముద్రం మా ఇంటికి దగ్గర కూడా కాదు.

మొన్న శనివారం స్కూటర్ దిగినవాడు మాత్రం పోలేదు. నన్ను గుర్తుపట్టి ఆగాడు. నెల్లూరు మనిషి. నా చేతిలో ఓడిన ఏకైక ఆటగాడు.

నేను కొన్నేళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడాను. ఇంటర్నెట్‌లో నా రికార్డు ఇప్పటికీ ఉంది. గెలుపులు ఒకటి. ఓటములు ఎన్నో చెప్పుకోవడం బాగుండదు. వాటిలో నిలకడ ఉందని మాత్రం అనగలను. ఆ ఒక్క గెలుపూ ఇతని మీదే. నన్ను చిత్తు చేస్తూ, ఇంకొక్క గేమ్‌తో మ్యాచ్ ముగుస్తుందనగా, ఇక ఆడలేనని అంపైర్‌కు చెప్పి వెళ్లిపోయాడు. మధ్యలో మానుకుంటే అవతలివాడు గెలిచినట్టే రాస్తారు. కాలు పట్టేసిందేమో అనుకున్నాను. ముదలియార్‌పేటలో నేను టెన్నిస్ నేర్పే కోర్టు బోర్డు మీద ఆ గెలుపే పెద్ద అక్షరాల్లో ఉంది.

ఒక సెట్ ఆడదాం రమ్మన్నాను. అది నా గెలుపేనని కనీసం నాకైనా నమ్మకం కుదరాలి. అమ్మ మజ్జిగ పట్టుకుని వెంట వచ్చింది. ఆనాటి మ్యాచ్‌కు ప్రేక్షకులంటే ఆమే.

మిట్టమధ్యాహ్నం. కోర్టు ఖాళీ. నేను బేస్‌లైన్ దగ్గర నిలబడ్డాను. అతను రెండడుగులు లోపలికి వేసి ఆగిపోయాడు. నా భుజం మీదుగా వెనక కంచె వైపు చూస్తున్నాడు.

"అన్నా, ఆ పొద్దు నాకు కాలు పట్టలా," అన్నాడు. "నీ యెనకాల ఇంకొకాయన నిలబడుండె, రాకెట్ పట్టుకోని. నువ్వు యాడికి జరిగితే ఆడికి జరగతా ఉండె. బాల్ మాత్రం కొట్టలా. నువ్వెప్పుడు అయిపోతావా అని చూస్తా ఉన్నెట్టు."

"మరి ఇప్పుడు?"

"ఇంకొంచెం ముందుకొచ్చుండాడు."

తిరిగి చూశాను. కంచె ఉంది, దాని నీడ ఉంది. మధ్యాహ్నపు నీడకు అది కాస్త పొడవే అనిపించింది.

అతను అమ్మకు దండం పెట్టి, రాకెట్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

"ఎండకు ఏదేదో కనబడతాదిలే," అన్నాను అమ్మతో. "ఆ పొద్దు నువ్వూ ఉంటివి గదా. నా యెనకాల ఎవురన్నా ఉన్నారా?"

అమ్మ మజ్జిగ చెంబుకు మూత పెట్టింది.

"ఉండెరా. చూస్తే నీకంటే బాగా ఆడేవాడి మాదిరుండె."