చలపతి రాసిన పదకొండు ఫైళ్లు

నలభై ఏళ్లుగా ఒక మనిషి చెప్పిన థ్యాంక్స్ మోస్తున్నాను. తిట్టి ఉంటే ఎప్పుడో దులిపేసుకునేవాణ్ణి. అతను నా రెండు చేతులూ పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ థ్యాంక్స్ చెప్పి వెళ్లాడు. అది గుండెల మీద నుంచి దిగడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే, పోనీలే, ఆ రోజులే అలాంటివి అంటారు. ఆ ముక్క నాకు నేనే కొన్ని వేలసార్లు చెప్పుకున్నాను. పనిచేయలేదు.

డెబ్బైల చివర్లో బోస్టన్ శివార్లలో ఎటు చూసినా చిన్న చిన్న కంప్యూటర్ కంపెనీలే. బీరువా అంతేసి మెషీన్లు తయారుచేసేవాళ్లం. ఒక్కో కంపెనీ నాలుగైదేళ్లు వెలిగేది, తర్వాత దానికన్నా పెద్దది వచ్చి మింగేసేది. దాన్ని విలీనం అనేవాళ్లు, పెళ్లిలాగా. గేటు మీద బోర్డు మారేది, కాఫీ కప్పుల మీద బొమ్మ మారేది, లోపల సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి.

నా మొదటి కంపెనీని అలా మింగినప్పుడు నేను ఒక పాఠం నేర్చుకున్నాను. అక్కడ హెరాల్డ్ అని ఒక ముసలి ఇంజనీరు ఉండేవాడు. తన పని గురించి కాగితం మీద ఒక్క అక్షరం పెట్టేవాడు కాదు. ఏదడిగినా వేలితో తల చూపించి, అంతా ఇక్కడుంది అనేవాడు. పద్ధతిగా అన్నీ రాసిపెట్టిన ఆరుగురిని మొదటి వారంలోనే ఇంటికి పంపారు. వాళ్లు వెళ్లినా కాగితాలు ఉన్నాయి కదా. హెరాల్డ్‌ని మాత్రం జీతం పెంచి మరీ ఉంచుకున్నారు. ఆ ఆరుగురిలో నేనూ ఒకణ్ణి.

ఉద్యోగం లేక తిరుగుతున్న నన్ను రెండో కంపెనీలో పెట్టించింది చలపతి. విశాఖపట్నం వాడు. గుడిలో పరిచయం. నా రెజ్యూమె తనే తీసుకెళ్లి మేనేజర్ టేబుల్ మీద పెట్టాడు. మొదటి జీతం వచ్చేదాకా వాళ్ల ఇంట్లోనే తిన్నాను. భార్య సుభద్ర నాకు అడక్కుండానే రెండోసారి వడ్డించేది. వాళ్లకు ఒక్కతే పాప, ఇందు. నాలుగేళ్లు. పుట్టుకతోనే చెవులు వినపడవు.

ఆ ఊళ్లో అలాంటి పిల్లలకు మాటలు నేర్పే స్కూలు ఒకటి ఉండేది. అక్కడి టీచరు పాప అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని మాట్లాడేదట, శబ్దం చేతికి తెలిసేలాగా. ఏడాదికి ఇందు మొదటి మాట పలికింది. 'మిల్క్' అంది. ఆ రోజు చలపతి ఆఫీసులో అందరికీ డోనట్లు పంచాడు. నేను రెండు తిన్నాను.

నాకు అప్పటికే గ్రీన్ కార్డు చేతికొచ్చింది. చలపతిది ఇంకా రాలేదు. కంపెనీ పేరు మీద నడుస్తోంది, ఏడాదిలో వచ్చేస్తుందన్నారు. ఈలోగా ఉద్యోగం పోతే అంతా మళ్లీ మొదటికొస్తుంది, దేశం వదిలి వెళ్లాలి. అంటే ఆ స్కూలూ, ఆ టీచరూ పోతారు. నాకు ఉద్యోగం పోతే మూడు నెలలు ఇబ్బంది పడి ఇంకోటి వెతుక్కుంటాను. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని అనుకోకండి.

ఎనభైల మొదట్లో మమ్మల్ని కూడా మింగబోతున్నారని పుకారు మొదలైంది. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో చలపతి ట్రే పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అన్నం కెలుకుతున్నాడు తప్ప తినడం లేదు.

"గురూ, మెర్జర్ కన్ఫర్మ్ అంట. సగం మందిని లేఆఫ్ చేస్తారంటన్నారు. నాకేటీ తోచట్లేదు."

"నువ్వు నీ వర్క్ అంతా డాక్యుమెంట్ చేసెయ్. ఒక్క లైను కూడా వదలొద్దు. కొత్తోళ్లు వచ్చి చూసినప్పుడు ఎవడు సిస్టమాటిక్‌గా ఉన్నాడో వాణ్ణే ఉంచుకుంటారు."

"అంతేనంటావా?"

"మా పాత కంపెనీలో చూశాను కదా. రాసిపెట్టినోళ్లే మిగిలారు."

"నువ్వూ రాస్తన్నావా మరి?"

"ఎప్పుడో మొదలెట్టా."

ఎందుకలా అన్నాను? ముందుగా ఆలోచించి అన్నానా, నోటికొచ్చిందా? చాలాకాలం నోటికొచ్చిందనే అనుకున్నాను, అలా అనుకుంటే నిద్ర పట్టేది కాబట్టి. కానీ ఆ మాటలు ఎంత సరిగ్గా కుదిరాయో చూడండి. చలపతీ నేనూ ఒకేలాంటి బళ్లలో చదివాం. స్కేలు పెట్టి మార్జిన్ గీయాలి, హెడ్డింగుల కింద ఎర్ర సిరాతో గీత కొట్టాలి, నీట్‌నెస్‌కి ఐదు మార్కులు. శుభ్రంగా రాసి ఇచ్చినవాడు పాసవుతాడన్న నమ్మకం మా ఒంట్లో ఉంది. ఎక్కడ నొక్కితే అతను కదులుతాడో నాకు తెలుసు, నేనూ ఆ బాపతే కనుక. అమెరికా వాడెవడికైనా ఆ సలహా ఇచ్చి ఉంటే నవ్వి వెళ్లిపోయేవాడు.

నాలుగు నెలలు రాశాడు, మొత్తం పదకొండు ఫైళ్లు. మా మెషీన్లో డిస్కుల్నీ టేపుల్నీ నడిపే ప్రోగ్రాము మొత్తం అతనిదే. ఒక ఆదివారం వాళ్లింటికి వెళితే డైనింగ్ టేబుల్ నిండా కాగితాలే. సుభద్ర చిల్లులు కొడుతోంది. ఆ చిల్లులు చిరగకుండా వాటి చుట్టూ ఇందు గుండ్రటి స్టిక్కర్లు అంటిస్తోంది, నాలుక కొంచెం బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా. నన్ను చూసి ఒక స్టిక్కరు నా చెంపకు అంటించి నవ్వింది. నేనూ నవ్వాను. ఫైళ్లు అదిరిపోయాయి గురూ అన్నాను. పులిహోర తిని వచ్చాను.

నేను ఒక్క పేజీ కూడా రాయలేదు. నా ప్రోగ్రాములో ముందు నుంచీ ఉన్న నాలుగు ముక్కల వివరణ కూడా చెరిపేశాను.

విలీనం అయింది. పెద్ద కంపెనీ నుంచి ఫ్రాంక్ అనే ఆయన వచ్చి మా కాన్ఫరెన్స్ రూములో మకాం పెట్టి ఒక్కొక్కరినీ పిలిచాడు. మర్యాదస్తుడు. మా పాత మెషీన్లు కొన్నవాళ్ల కోసం ఇంకొంతకాలం వాటిని నడపాలి, అందుకు నువ్వూ చలపతీ ఇద్దరిలో ఒక్కరు చాలు, నీ అభిప్రాయం ఏమిటి అని నన్నే అడిగాడు. తెలియదు అనొచ్చు. మీరే చూసుకోండి అనొచ్చు. లేదా అతనికి గ్రీన్ కార్డు రావాలి, పాపకు ఇక్కడ స్కూలు కావాలి అని ఒక్క మాట చెప్పొచ్చు.

"చలపతి పనంతా చక్కగా రాసిపెట్టి ఉంది, ఎవరైనా నడపగలరు. నాది మాత్రం ఇంకా నా తలలోనే ఉంది" అన్నాను.

ఫ్రాంక్ తలూపి నోట్‌బుక్ మూసేశాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. నేను ఈ నలభై ఏళ్లుగా పట్టుకుని వేలాడింది ఆ ఒక్క సంగతినే. నిజం చెప్పాను కదా అని. ఛీ.

శుక్రవారం చలపతిని పంపేశారు. అట్టపెట్టె పట్టుకుని వెళుతుంటే గార్డు కారు దాకా వెంట నడిచాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "నువ్వు చెప్పబట్టి అన్నీ రాశాను గురూ, లేపోతే నా వెనకాల వచ్చినోళ్లు నానా ఇబ్బందీ పడిపోదురు. ఫ్రాంక్ కూడా ఫైళ్లు ఎక్సలెంట్ అన్నాడు. నీ గురించి అడిగితే, అతను లేకుండా మెషీన్ నడవదని చెప్పాను" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. కాఫీ కలిపి ఇచ్చాను.

ఇంకో ఉద్యోగం కోసం వెతికాడు. అప్పటికి చుట్టుపక్కల కంపెనీలన్నీ ఒకదాన్నొకటి మింగే పనిలోనే ఉన్నాయి, కొత్తవాళ్లను తీసుకునేదెవరు? ఇందు అప్పటికి పదకొండు మాటలు పలికేది. స్కూలు సంవత్సరం పూర్తికాకుండానే వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను.

అతని ఫైళ్లు చూసి పద్నాలుగు నెలలు పని చేసుకున్నాను. తర్వాత పెద్ద కంపెనీ మా మెషీన్‌నే ఆపేసింది. మరో రెండేళ్లకు ఆ కంపెనీని ఇంకొకరు మింగారు. నేను మాత్రం ప్రతిసారీ మిగిలాను. రిటైరయ్యేదాకా నన్ను మళ్లీ ఎవరూ పంపలేదు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. ఉద్యోగం కోసం పొరపాటు చేశాడు అని మీరు నన్ను క్షమించే వీలుండేది. కానీ ఇంకొకటి ఉంది.

వాళ్లు వెళ్లిన ఆర్నెల్లకు ఉత్తరం వచ్చింది. పాపకు విశాఖపట్నంలో అలాంటి స్కూలు దొరకలేదనీ, నేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే పోతున్నాయనీ, ఇప్పుడు మూడే మిగిలాయనీ రాశాడు. ఆ టీచర్ని అడిగి, ఇంట్లో పాపతో ఏమేం చేయించాలో రెండు పేజీలు రాయించి పంపమన్నాడు. నీకు వీలైనప్పుడే, తొందరేం లేదు అని కూడా రాశాడు.

స్కూలు మా ఇంటి నుంచి కారులో పన్నెండు నిమిషాలు. నేను వెళ్లలేదు. ఆ పిల్ల ఎందుకు మానేసిందని టీచరు అడుగుతుందని భయపడ్డానా? జవాబు రాస్తే స్నేహం సాగుతుందని, సాగితే ఎప్పుడో నిజం బయటపడుతుందని అనుకున్నానా? ఎంత తవ్వుకున్నా సరైన కారణం దొరకలేదు. వాళ్లు కనుమరుగైపోతే బాగుండునని మాత్రం అనిపించింది, అది గుర్తుంది. రెండో ఉత్తరం విప్పకుండానే పారేశాను. మూడోది రాలేదు.

ఇదీ జరిగింది. పెళ్లాంతో కూడా అనలేదు. ఇవాళ మీకు చెప్పాక ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది, అది కూడా దాచుకోను. ఇందు వయసు ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. ఆ మూడు మాటలైనా మిగిలాయో లేదో నేను ఇంతవరకూ కనుక్కోలేదు.