ఎర్రగుడ్డ

యాకుత్‌పురా స్టేషన్‌లో మా లోకల్ రైలు సిగ్నల్ కోసం చాలాసేపు ఆగిపోయింది. ఎదురు సీట్లో కూర్చున్న కుర్రాడి బూట్లకూ ప్యాంటుకూ మట్టి అట్టలు కట్టి ఉంది. ఏం పని చేస్తావని అడిగాను.

"పని కాదన్నా, షౌక్. సరదాకు జీపులు నడిపేటోళ్లం కొందరం కలిసి ఊరి బయట అడవిల ట్రాక్ చేస్తున్నం. గుంతలు, మిట్టలు, మస్తుగుంటది. జేసీబీ ఒక్కటే కిరాయికి తెచ్చినం. మిగతాదంతా మేమే."

"మరి చెట్లు?"

"అడ్డమొచ్చిన చెట్టుకు ఎర్రగుడ్డ కడ్తం. జేసీబీ డ్రైవర్ గది చూసి పీకేస్తడు. గుడ్డ ఉంటే ఇగ అడిగేది లేదు."

నవ్వుతూ చెబుతున్నవాడు ఉన్నట్టుండి ఆగాడు.

"ఇయ్యాల పొద్దుగాల సీతాఫలాలు తెంపుకునే ముసలామె ఒకామె వచ్చిందన్నా. 'ఏంది బిడ్డా గీ గుడ్డలు' అనడిగింది. పోయే చెట్లకు గుర్తు అవ్వా అని చెప్పినం. లొల్లి చేస్తదనుకున్నం, గానీ చెట్టుకు కట్టిన ఒక గుడ్డ ఇప్పుకొని కొంగున ముడేసుకుంది. సాయంత్రం దాంక మా సామాన్ల కాడనే కూసుంది."

"ఎందుకు?"

"ఏమో. నీళ్లిచ్చినా తాగలే."

దబీర్‌పురా రాగానే బ్యాగు వీపుకు తగిలించుకుని దిగాడు. అతను అటు తిరిగాక చూశాను. బ్యాగు పట్టీకి వెనకవైపు ఎర్రగుడ్డ గట్టిగా ముడివేసి ఉంది.

"బాబూ, నీ బ్యాగు!" అని కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అరిచాను. అప్పటికే రైలు కదిలింది. వీడ్కోలు చెబుతున్నాననుకుని అతనూ నవ్వి చెయ్యి ఊపాడు.

ఆ రోజు మా ఇంటి గుమ్మంలోనే ఆగి నా సంచి తిప్పి చూసుకున్నాను. ఇప్పటికీ ఎక్కడ రైలు దిగినా చూసుకుంటాను.