చింతపండు కుండ, విప్పని పొట్లాలు

నా చిన్నప్పుడు మా చిన్నమ్మ కాళ్ళు రెండుసార్లు పడిపోయి, రెండుసార్లు లేచాయి. ఆ సంగతి రాసిపెట్టాలని ఇన్నాళ్ళూ అనుకోలేదు. మొన్న సిద్దిపేట గ్రంథాలయంలో నంగునూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టి, "పెద్దమ్మా, గీ కొత్త మందు నిజమేనా?" అని అడిగింది. ఆమెదీ మా చిన్నమ్మ జబ్బే. ఫోనులో ఒకతను చక్రాల కుర్చీలోంచి లేచి నడుస్తున్నాడు, కింద మందు పేరు ఉంది. నేను డాక్టర్ని కాను. బడి చదువు మధ్యలో ఆగిపోతే, మిగిలిందంతా ఆ గ్రంథాలయం బల్ల మీదే చదువుకున్నాను. అయినా కొత్త మందును ఏమని నిలదీయాలో నాకు తెలుసు. ఎలా తెలిసిందో రాయకపోతే అది నాతోనే పోతుంది.

తెలంగాణ కావాలని మొదటిసారి ఉద్యమం లేచిన రోజులవి. బడులు మూసేశారు. హైదరాబాదు బస్సులు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేదు. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. అంతకు ముందు ఏడాది ఆమెకు ఒక కన్ను మసకబారింది, నడుము కింద తిమ్మిరెక్కి మంచాన పడింది. కొమురవెల్లి జాతరకు వచ్చి మందులమ్మే ఒకాయన పొట్లాలిచ్చి, పులుపు ముట్టకూడదని పథ్యం పెట్టాడు. కొన్ని వారాలకు చిన్నమ్మ లేచి నడిచింది.

అందుకే మళ్ళీ కాళ్ళు పడిపోయినప్పుడు ఎవరూ మందును అనుమానించలేదు. చిన్నమ్మను అనుమానించారు.

"పత్తెం తప్పినవ్ గదనే? పులుపు తిన్నవ్," అంది నాయనమ్మ.

"నాలుక మీద గూడ పెట్టలే అత్తా."

"మరి తగ్గింది మళ్ల ఎట్లొస్తది?"

చింతపండు కుండ నాయనమ్మ గదిలోకి మారింది. చిన్నమ్మ వేళ్ళు వాసన చూసేవారు. పెద్ద దవాఖానకు తీసుకుపోతానని చిన్నాయన అంటే, "పత్తెమే నిలుపలేనిదానికి దవాఖాన ఏం జేస్తది?" అని నాయనమ్మ కొట్టిపారేసేది. కొన్నాళ్ళకు చిన్నమ్మే తనను తాను నమ్మడం మానేసింది. "నిద్రల లేశి గిట్ల తిన్ననేమోనే?" అని నన్నడిగింది.

మందులాయన వచ్చి కొత్త పొట్లాలిచ్చాడు. ఈ ఇంటి చేయి తగిలితే మందు చెడుతుందని, బయటివాళ్ళతో కలిపించి తాగించమన్నాడు. ఆ పని పక్కింటి ఖాలా మీద పడింది. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, మేమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. వాళ్ళది లక్కగాజుల దుకాణం. రోజూ మధ్యాహ్నం చిన్నమ్మ నా భుజం పట్టుకుని, కాళ్ళీడుస్తూ ఖాలా ఇంటికి వచ్చేది. ఖాలా లోపలి గదిలో కలిపి తెచ్చిన నీళ్ళు తాగేది. ఒకరోజు ఖట్టీ దాల్ వాసన వస్తోంది. చింతపండు పిసికి పోసిన పప్పు.

"తింటవా?" అంది ఖాలా.

చిన్నమ్మ ఖాళీ గిన్నె ఆమె ముందుకు జరిపింది. "తినకున్న దొంగనే అన్నరు. ఇగ తినే అనిపించుకుంట, పొయ్ ఖాలా."

నాకూ ఒక గిన్నె దొరికింది. తిన్నానే గానీ, ఆమె కాళ్ళు ఇక రావని లోపల భయం.

వచ్చాయి. ముందు బొటనవేలు కదిలింది. తర్వాత గోడ పట్టుకుని నడిచింది, తర్వాత గోడను వదిలేసింది.

మందులాయన మా అరుగు మీద కూర్చుని, "చూసిన్రా, ఈసారి పత్తెం గట్టిగ నిలిపిన్రు," అన్నాడు. ఖాలా గాజుల డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో పొట్లాలన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"గివి నీవే భాయ్. ఒక్కదాని దారం గూడ ఇప్పలే. గీ పిల్ల అబద్ధమాడదు, నీ మందు మీదనే నాకు అనుమానం. నేను తాపింది సోంపు నీళ్లు. పెట్టింది ఖట్టీ దాల్, దినాం."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మందులాయన మాత్రం తడబడలేదు. "గట్లయితె పోయినేటి మందు జోరు ఇంక లోపల ఉన్నట్టు."

"తగ్గితె నీ గొప్ప, తగ్గకుంటె గీ పిల్ల తప్పు. మంచిగుంది నీ బేరం!"

ఆయన సంచి సర్దుకుని పోయాక నేను ఉత్సాహంగా అడిగాను, "అయితె ఖట్టీ దాలే మందా ఖాలా?"

"అరె పాగల్! గట్లయితె గాజులు బంద్ జేసి పప్పే అమ్ముకుందు గద. తాగితె తగ్గింది, తాగకున్న తగ్గింది. ఇగ మందే తగ్గించిందని ఎట్లంటవ్?"

ఆ పూట నాయనమ్మ చిన్నమ్మ కంచంలో తనే చారు పోసింది. బస్సులు నడవగానే హైదరాబాదు పొమ్మన్నదీ ఆమే.

అక్కడి డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నరాల మీది పొరను కొరుకుతాయట. వచ్చి, చాలాసార్లు దానంతటదే తగ్గి, మళ్ళీ వస్తుందట. ఒక కొత్త ఇంజెక్షను ఉంది, అది వచ్చినదాన్ని తొందరగా తగ్గిస్తుందే గానీ, మళ్ళీ రాకుండా ఆపే మందు ఇంకా లేదన్నాడు. మందుకు ఏది చేతకాదో చెప్పినవాడు ఆయనొక్కడే. చిన్నమ్మ ఆయన్నే నమ్మింది.

ఇప్పుడు ఆ దాడులను తగ్గించే మందులున్నాయి. కొన్ని మాత్రలు, కొన్ని సెలైనులా ఎక్కించేవి. కాపలా కణాలను అదుపు చేస్తాయి కాబట్టి ఇన్ఫెక్షన్ల భయమూ ఉంటుంది. పోయిన పొరను తిరిగి పుట్టించే మందులు ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి. ఆ పరీక్షల్లో కొందరికి కొత్త మందు, కొందరికి పాతదో, మందే లేని ఉత్త మాత్రో ఇచ్చి, ఎవరికేదో రోగికీ డాక్టరుకీ తెలియకుండా చూస్తారని చదివిన రోజు గ్రంథాలయంలో పైకే నవ్వాను. ఖాలా అడగకుండా చేసింది, వీళ్ళు ముందే చెప్పి ఒప్పించి చేస్తారు. అదీ ఒక్కరి మీద కాదు, వందలమంది మీద.

నంగునూరు అమ్మాయికి ఒక్కటే చెప్పాను. "నడిచినోన్ని చూడకు బిడ్డా. ఆ మందు తాగకుండ నడిచినోళ్లెందరో అడుగు. నీ డాక్టరిచ్చే మందు మాత్రం బంద్ చెయ్యకు."

పేర్లు రాయొద్దని మావాళ్ళు అన్నారు కాబట్టి వరసలతోనే దండాలు పెడుతున్నాను. అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం సారుకు, మందుకు చేతకానిది చేతకాదన్న డాక్టరుకు, దారం విప్పని ఖాలాకు. అందరికంటే ముందు మా చిన్నమ్మకు. నాలుక మీద కూడా పెట్టలేదని ఆమె మొదటి రోజే నిజం చెప్పింది.